సున్నం కింది గీత

మా గల్లీలో ఎవరూ కొలత ఉన్నదున్నట్టు చెప్పరు. అబద్ధాలకోరులమని కాదు. మొదటి మాటలోనే నిజం చెప్పేస్తే ఆ తరవాత మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? బొంబాయిలో ఫోరస్ రోడ్డు వైపు గల్లీ మొదట్లోనే మాది తాపీపని సామాన్ల దుకాణం. తాపీలు, తట్టలు, గుండు తాళ్ళు, లెవెల్ పైపులు అమ్ముతాం. గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చుని అక్షరాలకంటే ముందు బేరం నేర్చుకున్నాను. అమ్మేటప్పుడు మొదటి మాట ఎక్కువ, కొనేటప్పుడు మొదటి మాట తక్కువ, నష్టం సంగతైతే అసలు మాటే వద్దు. మా నాన్న పెట్టిన బడి అదే. పెళ్ళిచూపుల్లో నా వయసు అడిగితే కూడా తక్కువ నుంచి మొదలుపెట్టి మధ్యలో ఒకచోట ఒప్పుకున్నానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

మా దుకాణం దగ్గర్నుంచి లోపలికి పోనుపోను గల్లీ పల్లమవుతుంది. నడిచేవాళ్ళకు తెలియదు, చేతిబండి తోసేవాళ్ళకు తెలుస్తుంది. చివర్న వరస గదుల పాత చాల్, దాని వెనక మురుగు పారే నాలా, నాలా ఒడ్డున కుంట. కుంట అని మేమే పేరు పెట్టుకున్నాం. ఎప్పుడో ఒక చాల్ కూలిపోయిన జాగా అది. శిథిలం ఎత్తుకుపోయాక గుంత మిగిలింది, గుంతలోకి కింది నుంచి నీరు ఊరింది. తుంగ మొలిచింది, చేమ మొలిచింది, కప్పలు ఎక్కణ్ణుంచో వెతుక్కుంటూ వచ్చాయి. ఈ నేలంతా ఒకప్పుడు బురదేనని, పాలమూరు నుంచి వచ్చిన మన తాతలు తట్టలతో మట్టి మోసి పూడ్చారని పెద్దవాళ్ళు గర్వంగా చెప్పేవారు. నేను మాత్రం కుంట అంచున నిలబడ్డప్పుడల్లా, పూడ్చినవాళ్ళు ఈ ఒక్కచోటా మర్చిపోయారేమో, కింద ఉన్నది ఇక్కణ్ణుంచి పైకి చూస్తోందేమో అనుకుని వెనక్కి అడుగేసేదాన్ని.

వానాకాలంలో సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మా నాలా వెనక్కి పారుతుంది. నల్లటి నీటి మీద చెత్త, పోవలసిన వైపు కాకుండా మన వైపు మెల్లగా నడిచి వస్తుంది. చప్పుడుండదు. ఆ నీరు మొదట కుంటలోకి దిగుతుంది. కుంట నిండాకే గల్లీలోకి వస్తుంది. అంటే గల్లీకీ నాలాకూ మధ్య ఉన్న అడ్డం ఆ తుంగ గుంతే. అది మాకందరికీ తెలుసు. తెలిసినదాన్ని పైకి అనకపోవడం కూడా మా వ్యాపారంలో భాగమే.

కుంటను ఆనుకుని కింది అంతస్తులో ఉన్న ఒంటిగది ఖోలీ మా పెద్దమ్మది. రక్తసంబంధం లేదు. మా అమ్మ దుకాణంలో ఉన్న రోజుల్లో నాకు అన్నం కలిపి పెట్టింది ఆవిడ. ఆమె భర్తను పెద్దబాపు అనేవాళ్ళం. పేరున్న తాపీమేస్త్రి. మా నాన్న తెచ్చిన ప్రతి కొత్త గుండు తాడునూ వేలికి కట్టి వేలాడదీసి, ఊగడం ఆగేదాకా చూసి, అప్పుడుగానీ పైసలు తీసేవాడు కాదు. కిందటి వానాకాలం గల్లీ మునిగినప్పుడు ఆయన తన కాళ్ళమీద తానే చెక్కమెట్లెక్కి పైకి పోయాడు. దసరా రాకముందే పక్షవాతం వచ్చి మంచానపడ్డాడు. ఈ వానాకాలం ఆయనకు మెట్లు లేవు.

మా గల్లీ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. వానలు వెనకబట్టి దసరా దగ్గర పడగానే ప్రతి ఇంటికీ, ప్రతి దుకాణానికీ సున్నం పడాలి. పండగ కోసమే. కానీ నీళ్ళు నిలిచిన చోట గోడమీద మిగిలే మట్టిగీత ఆ సున్నం కింద పోతుంది. బతుకమ్మ ఆడే నాటికి గల్లీ తెల్లగా, ఎప్పుడూ తడవనట్టు ఉంటుంది. ఖోలీ చేతులు మారేటప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు గోడలు తడిమి మరీ మెచ్చుకుంటారు. కిందటి దసరాకు సున్నం పడనిది ఒక్క పెద్దమ్మ గోడకే. మంచం కదపలేకపోయారు. సున్నం వాసనకు ఆయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అందుకని ఆ గోడమీద, కిటికీ అంచుకు పైన, గోధుమరంగు గీత అలాగే ఉండిపోయింది.

ఈ గల్లీలన్నీ పడగొట్టి కొత్తవి కడతారన్న మాట ఎన్నాళ్ళ నుంచో నలుగుతూ ఉంది. ఈసారి సర్కారు నుంచి ప్లాను గీసిన కాగితం, నకాశా, వచ్చింది. దాంట్లో నాలా మీద స్లాబ్, కుంట జాగాలో బండ్లు నిలిపే చోటు. గల్లీవాళ్ళు తమ అభ్యంతరం, తమ సొంత నకాశా ఇవ్వొచ్చన్నారు. మా గల్లీలోనే పుట్టి, నగరాల నిర్మాణం గురించి చదువుకున్న అమ్మాయి ఒకతి ఉంది. నన్ను అత్తా అంటుంది, సగం మరాఠీ సగం తెలుగు. కుంటను, నాలా ఒడ్డును మట్టితో, తుంగతో అలాగే వదిలేలా మనమే నకాశా గీసి ఇద్దామని ఆ పిల్ల అందరినీ కూర్చోబెట్టింది. గల్లీ కమిటీ పెద్ద సరేనన్నాడు. ఆయనది కిరాణా దుకాణం, నాకు అన్న వరస. సరేనన్నాడు కాబట్టే నాకు అనుమానం రావలసింది. రాలేదు. చాయ్ ఆయన ఖర్చే కావడంతో తెలివి కాస్త మందగించింది.

పిల్ల లెక్క సులువైనదే. కిందటేడు నీళ్ళు ఎవరి గోడమీద ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు పెట్టాలి. అంత నీరు పట్టాలంటే కుంట ఎంత ఉండాలో దాన్నిబట్టి తేలుతుంది. గీతలు పైనుంటే కుంట మొత్తం కావాలి. కిందుంటే ఒక మూల చాలు, మిగతాది బండ్లకు.

ఆమె నీలం సుద్ద పట్టుకుని షట్టర్ షట్టర్‌కూ తిరిగింది. మొదట దర్జీ చీలమండ చూపించాడు. పక్క దుకాణం వాడు అది విని, వాడికే చీలమండైతే నాకు వేళ్ళు తడిసి ఉంటాయన్నాడు. ఎదురింటి ఇస్త్రీ ఆయన తన వైపు అసలు నీళ్ళే రాలేదని, వచ్చినా మర్యాదగా పక్కనుంచి పోయాయని చెప్పాడు. తన ఖోలీకి తడి పేరు వస్తే ఎవడు తీసుకుంటాడు? కొత్త బిల్డింగులో వెనక్కి నెడితే ఎవడు అడుగుతాడు? నా వంతు వచ్చినప్పుడు నేనూ షట్టర్ అడుగు పట్టీని చూపించాను. ఆలోచించి చేసిన పని కాదు, దగ్గినట్టు వచ్చేసింది. ఆ సాయంత్రం పిల్ల కాగితం తెచ్చి నా ముందు పరిచింది. గల్లీ పొడుగునా నీటిగీత ఎక్కుతూ దిగుతూ పోయింది.

"అత్తా, నీళ్ళు మెట్లెక్కి దిగినయా గిట్ల?" అంది.

నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే కుంట ఉండాల్సిన చోట ఆమె పెన్సిల్‌తో వేసిన చిన్న ముక్క కనిపించింది. ఈ గీతల ప్రకారం అంతే చాలట. దాని పక్కనే చుక్క పెట్టి ఉంది, పెద్దమ్మ ఖోలీ. మేమంతా మా మా దుకాణాల పరువు కోసం తగ్గించిన ప్రతి జానెడూ పోయి ఆ చుక్క మీద నిలబడింది. పిల్లను దాని సంగతి అడగబోయాను. ఆమె వేలు అప్పటికే ఆ చుక్క మీద ఉంది.

ఇరుగుపొరుగు మాట మార్చడం నా వల్ల కాదు, నా మాట మార్చడమే గగనం. కానీ నిలబడ్డ నీళ్ళకు ఒక్కటే ఎత్తు. మేస్త్రీలు ఒక గోడ ఎత్తును ఇంకో గోడకు తీసుకుపోవాలంటే నీళ్ళు నింపిన పారదర్శకమైన పైపు వాడతారు. రెండు చివర్లలోనూ నీరు సమంగా నిలుస్తుంది, అక్కడ గుర్తు పెట్టుకుంటారు. ఆ పైపులు అమ్మి బతికేదాన్ని నేనే. మర్నాడు పొద్దున ఒక కట్ట విప్పి, ఒక చివర పెద్దమ్మ గోడమీది మట్టిగీతకు ఆనించి పట్టుకున్నాను. రెండో చివర పట్టుకుని పిల్ల గల్లీలో పైకి నడిచింది. పైపు చాలనప్పుడల్లా గుర్తు పెట్టి అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టాం.

మొదట అందరూ వేళాకోళమాడారు. దుకాణంలో బోణీ లేక పైపు గాలికి ఆరేస్తోందన్నారు. పిల్ల దర్జీ షట్టర్ దగ్గర ఆగింది. పైపులో నీరు కాసేపు వణికి నిలిచింది. నడుము ఎత్తున. ఆమె నీలం గీత గీసింది. తరవాత ఇస్త్రీ బల్ల పైన. కిరాణా దుకాణంలో కింది వరస బియ్యం బస్తాలు పూర్తిగా గీత కింద పోయాయి. ఒకాయన తన స్టూలు జరిపి గీతకు అడ్డంగా కూర్చున్నాడు. మా దుకాణం గల్లీలో అన్నిటికంటే ఎత్తున ఉన్నది. అక్కడ కూడా గీత తాపీల అర మీద పడింది. పట్టీని చూపించిన నా వేలు నాకు గుర్తొచ్చి చేతిని కొంగులో పెట్టుకున్నాను.

సాయంత్రం కిరాణా అన్న దుకాణం కట్టేస్తూ వచ్చి నా మెట్టు మీద కూర్చున్నాడు. కోపం లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

"చెల్లె, నువ్వు దుకాణపోళ్ళ బిడ్డవు. సరుకుకు మరకుంటే మనమే ఎత్తి సూపిస్తమా?" అన్నాడు.

సరుకు కాదన్నా, పెద్దబాపు ఉన్నాడు అక్కడ, అన్నాను.

"ఆయన మీద నాకు లేదా పాణం? నీళ్ళొస్తే నలుగురం ఎత్తుతం. ఎప్పుడెత్తలే?"

నీళ్ళు వచ్చినప్పుడు ఆ నలుగురూ ఎక్కడుంటారో మా ఇద్దరికీ తెలుసు. తమ తమ బస్తాల దగ్గర ఉంటారు. నేను తట్టల దగ్గర ఉంటాను.

ఆ మర్నాడు సరుకు కోసం మసీదు బందర్ పోయాను. తిరిగి వచ్చేసరికి ఎండ ఇంకా మండుతోంది. గల్లీ మొదట్లోనే ముక్కుకు తడి సున్నం వాసన తగిలింది. దసరాకు రావలసిన వాసన అది, రోహిణి ఎండల్లో వచ్చింది. గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. నీలం గీత ఒక్కటి లేదు. మా షట్టర్ పక్క గోడ కూడా అడక్కుండానే కొట్టి పెట్టారు. పరుగులాంటి నడకతో చివరికి పోయాను. పెద్దమ్మ గుమ్మంలోనే ఎదురైంది, ముఖం వెలిగిపోతోంది. కమిటీ మనుషులను పంపి, మంచం జాగ్రత్తగా జరిపించి, లోపలంతా సున్నం వేయించిందట. పైసలు కూడా తీసుకోలేదట. పోయిన పండగ నుంచి మాసిన గోడ చూసుకుని ఎంత చిన్నబోయిందో చెప్పింది. లోపల పెద్దబాపు ఆగకుండా దగ్గుతున్నాడు. నన్ను చూసి పని చేసే చేతిని గోడ వైపు ఎత్తాడు. నోరు వంకరపోయింది కాబట్టి మాట తోసుకుని వచ్చింది.

"తడి మీద కొట్టిండ్రు. నిలువది."

పిల్ల దగ్గర ఫోటోలు ఉన్నాయి. వాటిని సమావేశంలో చూపించింది కూడా. ఫోటో సంతకం పెట్టదని కమిటీ తేల్చింది. గల్లీవాళ్ళు ఒప్పుకుని సంతకం చేస్తేనే గల్లీ నకాశా, ఎవరూ ఒప్పుకోని గీతతో ఎవరు చేస్తారు? అప్పుడు నేను లేచాను. ఇది నా రంగం అనుకున్నాను. కుంట మొత్తమే కాదు, నాలాకు ఆ ఒడ్డున కూడా బారెడు మట్టి వదలాలని, చాల్ ముందున్న బండలు కూడా లేపేయాలని అడిగాను. వాళ్ళు ఒక మూల అన్నారు. నేను చెవులు మూసుకున్నాను. వాళ్ళు మూల పెంచారు. నేను ఒడ్డు వదిలాను. వాళ్ళు ఇంకాస్త జరిగారు. నేను బండలు వదిలాను. చివరికి సగం కుంట దగ్గర బేరం తెగింది. ఉన్నట్టుండి అందరూ తేలికపడ్డారు. ఎవరో నాలాంటి దాన్ని మంత్రులు కూర్చునే మంత్రాలయకు పంపాలన్నారు. చాయ్ వచ్చింది. నా చెవుల దాకా పొగడ్త ఎక్కింది, దాచను. పిల్ల మాత్రం గ్లాసు ముట్టుకోలేదు. బయటికి వచ్చాక నా పక్కన నడుస్తూ మెల్లగా అడిగింది.

"సగానికి మాట్లాడుకున్నమని నీళ్ళకు ఎవరు చెప్తరు అత్తా?"

సంతకాలు అయ్యాయి. నకాశా పోయింది. దానికి జవాబు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు, కానీ వదులుకున్న సగానికి హద్దు కట్టుకోవాలన్న తొందర మాత్రం ఎవరికో పట్టింది. కూల్చిన ఇళ్ళ శిథిలాన్ని బొంబాయిలో రాబిట్ అంటారు. చుట్టుపక్కల ఎటు చూసినా కూలుస్తున్నారు కాబట్టి ఊరికే దొరుకుతుంది. చిన్న టెంపోలలో వచ్చి కుంటలో పడడం మొదలైంది. ఎవరు తెప్పిస్తున్నారని అడిగితే ప్రతివాడూ పక్కవాణ్ణి చూశాడు. విరిగిన నాపరాళ్ళు, పాత కిటికీ చువ్వలు, ఎవరిదో దేవుడి గూడు గచ్చుముక్క తుంగ మీద దొర్లాయి.

వాన ఇంకా పడలేదు. ఒక్క చినుకు లేదు. అయినా కుంటలో మిగిలిన సగం పైకి లేచింది. రాయి పడ్డ చోటి నీరు ఎక్కడికి పోవాలి? రోజురోజుకూ అంచు పెద్దమ్మ గడప వైపు జరిగింది. చేమ మొక్కలు మెడదాకా మునిగి కుళ్ళాయి. కప్పలు అరవడం మానేసి ఆమె గుమ్మం పక్కన, గచ్చు చల్లదనానికి ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. పెద్దమ్మ చీపురుతో తోస్తే పోయేవి కావు. పట్టపగలు పందికొక్కులు చెక్కమెట్లెక్కి పైకి పోతున్నాయని పై అంతస్తువాళ్ళు తిట్టుకున్నారు. వాటికి మాత్రం కాళ్ళు బాగున్నాయని పెద్దమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వానలు పోయేదాకా మా ఇంటికి వచ్చేయమన్నాను. మాది పై అంతస్తు, ఇరుకే అయినా మంచం పడుతుంది. ఆవిడ ఒప్పుకోలేదు. ఖాళీ ఖోలీకి తాళం చూశారంటే కొత్త బిల్డింగులో పేరు పోతుందని ఎవరో చెప్పారట. నిజమో కాదో నాకూ తెలియదు. గల్లీలో ఏ ఇంటివాళ్ళూ ఆ సంవత్సరం పెళ్ళికి కూడా తాళం వేసి పోలేదు.

"గా ఖోలీ కోసం ఆయన ఎముకలరిగినయ్ బిడ్డా. ఇడిసిపెట్టి రమ్మంటవా?" అంది.

ఎన్ని రకాలుగా అడిగానో. బతిమాలాను, భయపెట్టాను, అలిగాను, పోతున్నట్టు గుమ్మం దాటి వెనక్కి తిరిగి చూశాను. దుకాణంలో ఎప్పుడూ తప్పని ఎత్తు అది. ఆవిడ పిలవలేదు.

ఇక మిగిలింది మంచం. మా దుకాణం నుంచి సిమెంటు ఇటుకలు తీసుకుపోయాను. మంచం కోళ్ళ కింద పేర్చి ఎత్తు చేద్దామని. ఆకాశం పడమటి వైపు రాగిరంగు తిరిగి ఉంది, గాలి లేదు. పెద్దబాపును పక్కకు ఒరిగించి పట్టుకుని, ఒక్కో కోడు కిందా ఒక్కో ఇటుక దూర్చాం. రెండు వరసలు అయ్యాయి. పెద్దమ్మ ఇక చాలంది. ఇంకా పైకి పోతే ఆయనకు అన్నం ఎలా పెట్టను, పక్క ఎలా మార్చను అంది. పక్కన పీట మీద కూర్చుంటే ఆమె తల ఆయన భుజం దాకానే వస్తోంది అప్పటికే.

ఎక్కడిదాకా ఎత్తాలో చూద్దామని గోడ వైపు తిరిగాను. సున్నం పెచ్చులు కట్టి లేస్తోంది. పెచ్చుల మధ్య నుంచి, కిటికీ అంచుకు పైన, గోధుమరంగు గీత తడితడిగా బయటికి వచ్చింది. ఎవరూ గీయలేదు. తనంతట తానే వచ్చింది, ఇదివరకటి కంటే ముదురుగా.

పెద్దమ్మ కూడా చూసింది. మంచం మీద ఉన్నాయన నన్నే చూస్తున్నాడు. తలకింద చేయి పెట్టి ఎత్తితే ఆయన కళ్ళు కిటికీలోంచి కుంట వైపు తిరిగాయి. రాబిట్ గుట్ట, దాని పక్కన ముడుచుకున్న నల్లటి నీరు. కొలిచే మనిషి కదా, చాలాసేపు చూశాడు.

"ఎంత?" అన్నాడు.

గీత దాకా ఎత్తాలంటే ఇంకా నాలుగు వరసలు కావాలి. అంత ఎత్తున పెడితే పెద్దమ్మ చేయి ఆయన నోటికి అందదు. రెండు చాలని చెప్పొచ్చు, ఆమె తేలికపడుతుంది. మూడు అనొచ్చు, ఇద్దరికీ సరిపోతుంది. నా నాలుక అలవాటు కొద్దీ మధ్యలో ఒకచోట ఆగడానికి సిద్ధంగానే ఉంది.

"ఇంకా నాలుగు, పెద్దబాపూ," అన్నాను.

ఆయన కళ్ళు మూసి తెరిచాడు. పెద్దమ్మ పోయి, అన్నం పెట్టేటప్పుడు ఎక్కి నిలబడ్డానికి తన ముక్కాలిపీట తెచ్చి మంచం పక్కన వేసుకుంది. నేను ఇటుకల కోసం వంగాను. గుమ్మం దగ్గరి కప్పలు అన్నీ ఒక్కసారి లోపలికి గెంతాయి. బయట ఇంకా వాన చప్పుడు లేదు. నాలా మీద ఒక పాత చెప్పు, కొన్ని ప్లాస్టిక్ సంచులు సముద్రం వైపు నుంచి మా వైపు నెమ్మదిగా వస్తున్నాయి.